తాళంచెవి ఎవరి దగ్గర

మా అశోక్‌నగర్ సందులో పొద్దున్నే ఇడ్లీ బండి దగ్గర నిలబడితే రాజ్యాంగమంతా ఉచితంగా వినొచ్చు. ఒక చేతిలో ప్లేటు, ఇంకో చేతిలో నోట్సు పట్టుకుని, గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు ఒకరికొకరు అధికరణాలు అప్పజెప్పుకుంటూ ఉంటారు. మధ్యలో ఇంకాస్త చట్నీ అడుగుతారు. రిటైరైన దగ్గర్నుంచి నాకు అదే కాలక్షేపం. నేను ఉద్యోగం ఎక్కడ చేశానో మా పై వాటాలో అద్దెకుండే అమ్మాయి అందరికీ చెప్పేసింది. అప్పటినుంచి నేను సంచీ పట్టుకుని కనిపిస్తే చాలు, ఎవరో ఒకరు పుస్తకం తెరిచి ఎదురొస్తారు.

మొన్న ఒకమ్మాయి స్థానిక అభివృద్ధి మండళ్ల చట్టం తీసింది.

"ఆంటీ, మండలి నిధులు ఎట్ల ఖర్చు పెట్టాలె అని ఈ సెక్షన్ల ఉన్నది. సమజైంది. కింద ఈ వివరణ ఏంది? చట్టంల ఎవరన్న తాళంచెవి గురించి రాస్తరా? మా కోచింగ్ సారేమో ఇది ఇంపార్టెంట్ కాదు, వదిలేయమన్నడు."

ముఖం కూడా చూడని ఆ సారు మీద నాకు చర్రున కోపం వచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో నేను చేసినవాటిలో వదిలేయదగ్గవి బోలెడున్నాయి. వదిలేయకూడనిది ఏదైనా ఉంటే అదొక్కటే. బండి దగ్గర నిలబడి చెప్పే సంగతి కాదు, రాసిస్తానన్నాను. ఇదిగో, రాస్తున్నాను. ఆ అమ్మాయికీ, రేపోమాపో ఆఫీసుల్లో కూర్చుని ఇలాంటి వాక్యాలే రాయబోయే మీ అందరికీ.

నేను పనిచేసింది చట్టాల ముసాయిదాలు రాసే ఒక చిన్న విభాగంలో. ఏ శాఖకు ఏ చట్టం కావాలన్నా, తమ మనసులోని మాట నాలుగు పేజీల్లో రాసి మాకు పంపేవాళ్లు. మేము దాన్ని సెక్షన్లు, ఉపసెక్షన్లుగా విడగొట్టి, ఎవరూ వేలు పెట్టి తప్పు చూపించలేని భాషలోకి మార్చి వెనక్కి పంపేవాళ్లం. మొత్తం ఎనిమిది బల్లలు. కిటికీ మాది కాదు, పావురాలది. వాటికి ఇష్టమైనప్పుడు మాకు గాలి వచ్చేది.

నేను చేరిన కొత్తలో మా పై అధికారి పాత హైదరాబాదు మనిషి. ఉర్దూలో చదువుకుని, పెద్దయ్యాక తెలుగు నేర్చుకున్నాయన. మాదేమో కోస్తా నుంచి వచ్చి నారాయణగూడలో స్థిరపడిన ఇల్లు. మా నాన్న బడిపంతులు. తెలుగు రాయడంలో నా అంతటిది లేదని నాకు పెద్ద నమ్మకం. నా మొదటి ముసాయిదా తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెడితే, ఆయన కనీసం తెరవలేదు. గంట కొట్టి అటెండర్‌ను పిలిచి, "అక్కడ కూసో" అని ఆమెకు స్టూలు చూపించి, నాతో "ఆమెకు చదివి వినిపించు" అన్నాడు.

నేను ఆయన వేళాకోళం చేస్తున్నాడనుకున్నాను. ఆయన ముఖంలో నవ్వు లేదు.

"అమ్మా, ఈ చట్టం ఎవ్వల మీద పడ్తదో వాళ్లు మన ఆఫీసుకు రారు. వాళ్ల తరఫున ఇనేటందుకు ఒక్క మనిషన్న ఉండాలె గద."

ఆ విభాగంలో అదొక ఆచారం. ముసాయిదా ఏదైనా సరే, బయటికి వెళ్లేముందు అటెండర్‌కు చదివి వినిపించి, ఏం అర్థమైందో అడగాలి. మేము దానికి చెవి పరీక్ష అని పేరు పెట్టుకున్నాం. మిగతా విభాగాల వాళ్లు మమ్మల్ని చూసి నవ్వేవాళ్లు. పొద్దున కలిస్తే "మీ చట్టం పాసయిందా, లేక స్టూలు మీదే ఫెయిలయిందా" అని అడిగేవాళ్లు.

ఆ స్టూలు మీద కూర్చునే మనిషి గురించి చెప్పాలి. ఆమెది కవాడిగూడ. భర్త మా ఆఫీసులోనే డ్రైవరు. ఆయన పోయాక ఆ ఉద్యోగం బదులు ఆమెకు అటెండర్ పని ఇచ్చారు. నాకంటే మూడేళ్లు పెద్దది. చదువు సంతకం వరకే. నేను అక్కా అని పిలిచేదాన్ని, ఆమె నన్ను మేడమ్ అనేది. ఫైళ్లను దబ్బనంతో కుట్టడంలో ఆమెకు సాటి లేదు. నూట యాభై పేజీల ఫైలైనా ఒక్క కాగితం వంకర పోకుండా కుట్టేది. చెవి పరీక్షప్పుడు కూడా ఒళ్లో ఏదో ఒక ఫైలు పెట్టుకుని కుడుతూనే వినేది. ఎక్కడైనా దబ్బనం ఆగిందంటే ఆ వాక్యంలో ఏదో తేడా ఉన్నట్టే.

ఒకసారి ఏదో పన్నుల చట్టంలో, నోటీసును ఆ ఇంటి తలుపుకు అంటించాలని రాశాను. దబ్బనం ఆగింది.

"తలుపు లేనోళ్లకు యాడ అంటిస్తరు మేడమ్?"

తలుపు లేని ఇల్లు ఉంటుందన్న ఊహ ఆ గదిలో ఎనిమిది మందికీ రాలేదు. ఆ వాక్యం మార్చాం. అలాంటివి ఏడాదికి రెండో మూడో ఉండేవి. మిగతా అన్నిటికీ ఆమె "మంచిగుంది మేడమ్" అనేది. ఆ తర్వాత ఇద్దరం టీ తాగేవాళ్లం. ఆమెకు చాయ్ అంటే ప్రాణం. రోజుకు ఐదుసార్లు తాగేది, కానీ ప్రతిసారీ వన్ బై టూనే. ఒక గ్లాసు తెప్పించి రెండు చేసి, ఎక్కువ ఉన్నది నా వైపు జరిపేది. ఆ పెద్దాయన రిటైరయ్యాడు, నేను ఆయన కుర్చీకి దగ్గరయ్యాను, నా జుట్టు నెరిసింది. ఆ సగం గ్లాసు మాత్రం అలాగే సాగింది.

ఇక ఆ చట్టం. నగరాన్నీ పట్టణాలనూ ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కకు ఒక అభివృద్ధి మండలి పెట్టి, ఏటా కొంత నిధి ఇవ్వాలనుకున్నారు. ఆ నిధితో రోడ్లు, కాలువలు, హాళ్లు, ఏవి కావాలంటే అవి అక్కడివాళ్లే కట్టుకోవచ్చు. ఎలా ఖర్చు పెట్టాలో, ఎలా పెట్టకూడదో చట్టంలో రాయాలి. మాకిచ్చిన గడువు నాలుగు రోజులు.

అంతకుముందు ఇలాంటిదే ఒక పథకంలో, లేని ఊడ్చేవాళ్ల పేర్లు రాసుకుని జీతాలు మింగారని ఒక నివేదిక చదివి ఉన్నాను. ఒళ్లు మండిపోయింది. ఆ మంటతోనే ఒక వాక్యం రాశాను. శాఖ వాళ్లు అడగలేదు, అది పూర్తిగా నా సొంతం. మండలి నిధి నుంచి జీతాలకు గానీ, కూలీకి గానీ, ఏటా అయ్యే నిర్వహణ ఖర్చుకు గానీ ఏ మొత్తమూ వాడరాదు. అంతే. నిధి ఉన్నది కట్టడానికే, మింగడానికి కాదు. ఎందుకు పెట్టానో రెండు పేజీల నోట్ కూడా జతచేశాను. పైవాళ్లు మెచ్చుకున్నారు. ఇందులోంచి చుక్క నీళ్లు కూడా కారవు, అంత గట్టిగా ఉంది అన్నారు. ఆ మాటకు నేను వారం రోజులు మురిసిపోయాను.

నాలుగో రోజు సాయంత్రం ఐదింటికి, టైపు పూర్తయిన కాగితాలు సర్దుతుంటే, ఆమె గుమ్మం దగ్గర నిలబడి ఉంది. చేతిలో దబ్బనం, దారం. స్టూలు తనే తెచ్చుకుంది.

"ఈసారికి వద్దక్కా. టైమ్ లేదు. ప్రింటుకు వెళ్లిపోవాలి," అన్నాను.

ఆమె నా చేతిలోని కాగితాల వైపు చూసింది. "సరే మేడమ్, కుట్టియ్యనా?" అని కాగితాలు తీసుకుని, గుమ్మం దగ్గరే కూర్చుని కుట్టి ఇచ్చింది. చెవి పరీక్ష తప్పించుకుని మా విభాగం నుంచి బయటికి వెళ్లిన ముసాయిదా అదొక్కటే.

చట్టం వచ్చింది. ఆ మరుసటి ఏడు ఆమె రిటైరైంది. ఒక శాలువా, ఒక స్టీలు డబ్బా ఇచ్చి పంపాం. నేను మాట్లాడాలని లేచి, ఏడుపొచ్చి కూర్చుండిపోయాను. ఫోన్లు చేసుకుందాం అనుకున్నాం. చేసుకోలేదు. నేను ఆఫీసు, ఇల్లు, మోకాలి నొప్పుల్లో పడిపోయాను. ఇంకో రెండేళ్లు గడిచాయి.

నారాయణగూడలో మా అమ్మ కాలం నుంచి మేము కూరలు కొనే ఒక బజారు సందు ఉంది. ఒక ఆదివారం పొద్దున గోంగూర కోసం వెళ్తే, ఆకుకూరల గంపల మధ్య ఆమె కనిపించింది. పక్కన వాళ్ల చెల్లెలు. అది చెల్లెలి గంపేనట, ఈమె తోడు కూర్చుంటోందట.

"పెన్షన్ వస్తోంది కదక్కా, ఈ ఎండలో ఎందుకు?"

"ఇంట్ల కూసుంటే గోడలు చూసుడే గద మేడమ్. ఈడ నలుగురు మాట్లాడతరు."

నాకు పట్టరాని సంతోషం వేసింది. గంప పక్కనే ఒక బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాను. "చాయ్ చెప్పనా? వన్ బై టూ."

"వద్దు మేడమ్."

"ఏంటి, మానేశావా?"

"మానలే. ఈడ తాగను."

ఇరవై ఎనిమిదేళ్లలో ఆమె టీ వద్దనడం నేను వినలేదు. షుగరేమో అనుకున్నాను. ముఖం చూస్తే పాలిపోయి ఉంది, పెదవులు ఎండి ఉన్నాయి. మాట్లాడుతూనే చెంబులో నీళ్లు తీసుకుని తోటకూర మీద చల్లుతోంది. పొద్దంతా అదే పని. తను మాత్రం ఒక్క గుక్క తాగలేదు.

"ఆరు గంటలకొస్తే రెండింటిదాంక లేవం. చాయ తాగితే లేవాలె. లేస్తే యాడికి పోవాలె?" అని గడ్డంతో ఎదుటికి చూపించింది.

సందు మలుపులో ఒక బుల్లి భవనం ఉంది. గులాబీ రంగు టైల్స్, మీద ఆడమనిషి బొమ్మ, పక్కన నున్నటి నల్లరాతి ఫలకం. తలుపుకు నా పిడికిలంత తాళం. తాళం తుప్పు పట్టి ఉంది.

"మండలోళ్లు కట్టిర్రు. రెండు నెల్లు మంచిగ నడిచింది. కడిగే ఆమెకు పైసలు రాకపాయె, ఆమె పోయె. కంపు కొడ్తుందని తాళమేసిర్రు. పోయి అడిగితే, కట్టుటానికి చట్టంల ఉంది, కడుగుటానికి లేదంటరు. నాకు రెండుసార్లు మూత్రంల ఇన్ఫెక్షన్ అయింది మేడమ్. డాక్టరు నీళ్లు తాగు, నీళ్లు తాగు అంటడు." ఆమె నవ్వింది. "రాసినోడు ఎవడో గాని, ఆనికి ఎన్నడు బజార్ల కూసునే పని పడలేదు."

గోంగూర, పాలకూర, తోటకూర, మెంతికూర, ఏది చేతికి అందితే అది కొన్నాను. ఇంట్లో ఉన్నది ఇద్దరం. ఆ వారమంతా ఆకుకూరలే తిన్నాం. మా ఆయన ఎందుకని అడిగితే డాక్టరు చెప్పాడన్నాను.

ఆ రోజు సిగ్గుతో నా ముఖం కాలిపోయింది. ఈ మాట దాచుకోను. దొంగలను ఆపడానికి రాసిన వాక్యం దొంగలను ఎంత ఆపిందో నాకు తెలియదు. ఆమెను మాత్రం నీళ్లు తాగకుండా ఆపింది. తర్వాత వాకబు చేస్తే అలాంటివి ఇంకా చాలా బయటపడ్డాయి. మీరు కూర్చుని చదువుకునే రీడింగ్ హాల్లో ఫ్యాన్లుండీ కరెంటు లేక ఒక వేసవంతా చెమటలు కక్కారే, అది కూడా నా చలవే.

నా రిటైర్మెంటుకు అప్పటికి పది నెలలుంది. సవరణ కోరుతూ నోట్ రాయడానికి కూర్చున్నాను. మామూలుగా అలాంటి నోట్‌లో "అమలులో కొన్ని ఇబ్బందులు గమనించడమైనది" అని రాస్తారు. ఆ ఇబ్బందులు ఆకాశంలోంచి ఊడిపడ్డట్టు ఉంటుంది, చేసినవాడు ఎవడూ ఉండడు. నేను అలా రాయలేకపోయాను. ఈ లోపం ముసాయిదా దశలో నా వల్ల జరిగింది అని మొదటి వాక్యం రాశాను.

నా పక్క బల్ల సహోద్యోగి ఆ కాగితం చదివి కళ్లజోడు తీశాడు. ఎప్పుడూ జోకులేసే మనిషి. "మేడమ్, ముప్ఫై ఏళ్లలో ఈ ఆఫీసు నుంచి ఇట్లాంటి వాక్యం బయటికి పోలే. పెన్షన్ కాయితాలు కదిలే టైముకు మీకిది అవసరమా? ఇబ్బందులు గమనించుండ్రి, అయిపోతది."

మంచి కోరే చెప్పాడు. నాకూ భయం లేకపోలేదు. కాగితం రెండు రోజులు సొరుగులో పెట్టి, మూడో రోజు పంపేశాను. పైన కొత్తగా వచ్చిన కార్యదర్శి, నా కొడుకు వయసున్న మనిషి, అది చదివి నన్ను పిలిచాడు. కొత్త ముసాయిదా పట్టుకుని పన్నెండు రోజుల్లో సమావేశానికి రమ్మన్నాడు.

రాశాను. కట్టినదాన్ని వాడుకలో ఉంచడానికి అయ్యే ఖర్చును కూడా ఒక హద్దు వరకు ఈ నిధి నుంచే ఇవ్వాలని రాశాను. ఆ ఆదివారం పొద్దున్నే కాగితాలు సంచీలో పెట్టుకుని బజారుకు వెళ్లి, డబ్బా బోర్లించుకుని ఆమె పక్కన కూర్చున్నాను.

"అక్కా, ఒకటి చదివి వినిపించాలి. దానికంటే ముందు ఒక సంగతి చెప్పాలి. ఆ చట్టం రాసినవాడెవడో అన్నావే. వాడు కాదు. నేను."

ఆమె చెయ్యి చెంబులోనే ఆగిపోయింది. నేను తల దించుకుని మిగిలింది కూడా చెప్పేశాను.

"నేను దర్వాజ కాడ నిలవడ్డనాటి కాయితమేనా మేడమ్?"

"అదే."

ఎవరో వచ్చి కొత్తిమీర అడిగితే చెల్లెలు ఇచ్చి పంపింది. తర్వాత ఆమె చెంబులోంచి చెయ్యి తీసి, చీర కుచ్చిళ్లకు తుడుచుకుంది.

"ఆ దినం మీరు వద్దంటే నాకు మస్తు రంజైంది, దుఃఖమొచ్చింది. పెద్దసారు పోయిండు, ఇగ మన చెవులతోటి పని లేదు అనుకున్న. చదువుండ్రి అని అడగకపోతిని. అడగాల్సుండె." నా వైపు చూసింది. "కుట్టింది నేనే గద మేడమ్. తప్పు సగం నాది రాసుకోండ్రి."

ఎక్కువ ఉన్న సగం ఎప్పుడూ నా వైపే జరిపే మనిషి, తప్పు దగ్గరికి వచ్చేసరికి తన వైపు లాక్కుంది. బజారులో అందరి ముందూ కళ్లు తుడుచుకున్నాను.

"ఏడ్చుడు తర్వాత. చదువుండ్రి," అంది.

చదివాను. ఆమె చేతిలో దబ్బనం లేదు. మెంతికూర కట్టలు కడుతూ వింది. చివరిదాకా వచ్చేశాను. అంతా బాగానే ఉందనుకుంటుండగా కట్టే చెయ్యి ఆగింది.

"తాళంచెవి ఎవ్వల దగ్గరుంటది?"

"మండలి ఆఫీసులో ఉంటుంది కదా."

"ఆఫీసు పదింటికి తెరుస్తరు. మేము ఆరింటికొస్తం."

నేను కాగితం వైపు చూశాను. డబ్బు గురించి పదకొండు వరసలు రాశాను. తాళంచెవి గురించి ఒక్క వరస లేదు.

"పైసలిస్తరు, మంచిదే. కడిగే ఆమె వస్తది. తాళం తీసేటోడు రాకపోతే? ఇయ్యాల లీవంటడు, రేపు మీటింగంటడు. ఎవ్వలకు అవసరమో వాళ్ల చేతులుండాలె మేడమ్ తాళంచెవి. అట్లయితే కడిగే ఆమె ఉన్నదో లేదో గూడ వాళ్లకే తెలుస్తది. లేని మనిషికి ఉన్నదని సంతకం మేమెందుకు పెడ్తం? కడుపు మాది గద."

లేని మనుషుల జీతాలను ఎలా ఆపాలా అని నేను రెండు పేజీల నోట్ రాసి, చివరికి తలుపే మూయించాను. ఆమె ఒక కట్ట మెంతికూర కట్టేలోపు దాన్ని తేల్చేసింది.

సమావేశంలో ఖర్చుల సంగతి చూసే పెద్ద అధికారి నా పాత నోట్ తెచ్చుకున్నాడు. ఎక్కడ దొరికిందో మరి. నా రెండు పేజీలనూ నాకే చదివి వినిపించాడు. మంచి తెలుగు. ఒక్కో వాక్యం నా తలమీద మొట్టికాయలా పడింది.

"ఇంత బలంగా వాదించి పెట్టించింది మీరే. ఇప్పుడు తీసేయమంటున్నదీ మీరే. ఏది నమ్మమంటారు?" అని అడిగాడు. ఎకసెక్కం కాదు, నిజంగానే అడిగాడు.

వచ్చేటప్పుడు చాలా జవాబులు సిద్ధం చేసుకున్నాను. అవన్నీ పక్కన పెట్టేశాను. "అప్పుడు తప్పు రాశాను సార్. వినాల్సిన మనిషికి వినిపించకుండా పంపాను. ఇప్పుడు వినిపించి తెచ్చాను," అన్నాను.

సహోద్యోగి నా వెనక కుర్చీలో దగ్గాడు. "మరి జీతాల దొంగతనం మాటేమిటి?" అన్నాడు ఆ అధికారి. తాళంచెవి సంగతి చెప్పాను. మండలి కట్టినదాన్ని వాడుకునేవాళ్లు తమలో ఒకరిని ఎంచుకుంటారు. ఆ మనిషి దగ్గర తాళంచెవి ఉంటుంది, తలుపు మీద పేరు ఉంటుంది. ఆ మనిషి సంతకం లేనిదే శుభ్రం చేసినందుకు పైసా రాదు. ఆయన కాసేపు కలం ఆడించి, దీన్లో తప్పు పట్టడానికి ఏమీ దొరకడం లేదే అన్నాడు. నిరాశగానే అన్నాడు పాపం.

"ఈ ఆలోచన ఎవరిది?" అని కార్యదర్శి అడిగాడు.

"మా విభాగంలో ముసాయిదాలు వినే ఆమెది సార్. అటెండర్‌గా రిటైరైంది."

ఆయన తన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో ఇప్పటికీ నాకు తెలియదు.

తర్వాత అంతా వెంటనే జరిగిపోయిందని చెప్తే మీరు నమ్ముతారు, ఎందుకంటే మీరింకా ఉద్యోగంలో చేరలేదు. ఫైలు ఆరు గదులు తిరిగింది. మధ్యలో ఆమెకు మళ్లీ జ్వరం, చలి వచ్చి ఆసుపత్రిలో నాలుగు రోజులుంది. చూడ్డానికి వెళ్తే చేతికి సెలైన్ సూది ఉంది, చెల్లెలు పక్కన కునుకుతోంది. "చట్టమైందా మేడమ్?" అని అడిగింది. కాలేదన్నాను. "అయితది తియ్యుండ్రి," అని నాకే ధైర్యం చెప్పింది. నేను రిటైరైన రోజుకి కూడా కాలేదు. నాకూ ఒక శాలువా, ఒక స్టీలు డబ్బా ఇచ్చారు. ఫైలు ఏమైందో అడగడానికి వారం వారం వెళ్తుంటే, కొత్తగా వచ్చిన గార్డు నన్ను ఎవరో అర్జీదారు అనుకుని బయట బెంచీ చూపించాడు. కూర్చున్నాను. బయట కూర్చుంటే ఆ ఆఫీసు తలుపు ఎంత బరువుగా కనిపిస్తుందో అప్పుడే తెలిసింది.

చివరికి ఆ తర్వాతి శాసనసభ సమావేశాల్లో సవరణ పాసైంది. నేను రాసినదాంట్లో సగం కోసేశారు, మిగతా సగం మార్చేశారు. ఒక్క మాట కదపకుండా వదిలింది మీ పుస్తకంలో సెక్షన్ కింద ఉన్న ఆ వివరణనే. తాళంచెవి ఆ కట్టడాన్ని వాడుకునేవారిలో ఒకరి దగ్గర ఉండాలని చెప్పేది. మీ సారు ఇంపార్టెంట్ కాదన్నది.

అందులో ఆమె పేరు ఉండదు. నాదీ ఉండదు. చట్టాలకు రాసినవాళ్ల పేర్లు ఉండవు, అది మంచి పద్ధతే. మీరు రేపు రాయబోయే వాటికీ మీ పేర్లు ఉండవు. అందుకే ఎవరో ఒకరికి చదివి వినిపించండి. టైమ్ లేదనిపించిన రోజు తప్పకుండా వినిపించండి.

సవరణ వచ్చిన రెండు నెలలకు ఒక పొద్దున బజారుకు వెళ్లాను. ఏడు కూడా కాలేదు. ఎండ ఇంకా సందులోకి దిగలేదు. మలుపులో ఆ గులాబీ టైల్స్ భవనం తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల్నుంచి ఫినాయిల్ వాసన, బకెట్ చప్పుడు. ఒక పూలమ్మే ఆమె బయటికొచ్చి చేతులు దులుపుకుంటూ వెళ్లింది. తలుపు మీద సుద్దతో ఒక పేరు రాసి ఉంది. ఆ పేరు నేను ఇరవై ఎనిమిదేళ్లు హాజరు పట్టీలో చూశాను.

ఆమె గంపల మధ్య కూర్చుని ఉంది. తాళంచెవి నల్ల దారంతో మెడలో వేలాడుతోంది. ఫైళ్లు కుట్టే దారమే అది. చెంబుతో ఆకుకూరల మీద నీళ్లు చల్లి, పక్కనున్న సీసా మూత తీసి, తలెత్తి గటగటా తాగింది. సగం సీసా ఖాళీ చేసి, కొంగుతో మూతి తుడుచుకున్నాక నన్ను చూసింది.

డబ్బా బోర్లించుకుని కూర్చున్నాను. చాయ్ చెప్పనా అని అడగబోయాను.

ఆమే చెయ్యెత్తి, సందు చివరి హోటల్ వైపు కేకేసింది.

"భాయ్, రెండు చాయ్." తర్వాత నా వైపు తిరిగి, "వన్ బై టూ కాదు మేడమ్. ఇయ్యాల నాకు నిండు గ్లాసు కావాలె," అంది.